రాజయ్య బతికి ఉన్నాడన్న మాటకు సవరణ

నా నోటి నుంచి వెలువడిన ఒక మాట ఈ నగరంలో కొందరు రోగుల చెవిన పడింది. నాకు వచ్చిన జబ్బే వచ్చి, శస్త్రచికిత్స చేయించుకొని, ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒకడున్నాడని నేను చెప్పాను. ఆ మాటను నాకు శస్త్రచికిత్స చేసిన డాక్టరు నమ్మారు. ఆయన చెప్పగా మరికొందరు నమ్మారు. ఆ మాట నిజం కాదు. తప్పు దొర్లిందని తెలిసిన తరువాత దాన్ని అలాగే వదిలివేయడం ఉపాధ్యాయుడు చేయదగిన పని కాదు. కనుక కూర్చొని రాయగల శక్తి ఉన్నప్పుడే ఇది రాస్తున్నాను.

నా గురించి అవసరమైనంత వరకే చెబుతాను. మాది నాంపల్లి. ఆబిడ్స్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధించాను. నా చదువంతా ఉర్దూలో సాగింది. 1948లో రాజ్యం మారిన తరువాత పాఠాలు తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు, నిన్నటి దాకా ముసల్లస్ అన్నదాన్ని త్రిభుజం అని చెప్పడం, తల నెరిసిన వయసులో, ఇంట్లో వల్లె వేసుకొని నేర్చుకున్నాను. ఇంట్లో నేను, నా భార్య రుక్మిణి, చిన్ననాడే భర్తను పోగొట్టుకొని మా దగ్గరే ఉండిపోయిన మా అక్క. మాకు పిల్లలు లేరు. ప్రతి పనికీ ఒక పద్ధతి ఉండాలన్నది నా పట్టుదల. చెప్పులకొక చోటు, గొడుగుకొక చోటు. ఇంట్లోకి వచ్చిన ముత్తైదువ ఎవరైనా సరే, చుట్టమైనా పనిమనిషి అయినా, బొట్టు పెట్టించుకోకుండా గడప దాటరాదు. ఈ చివరి నియమం మా అమ్మ పెట్టింది. ఆమె పోయిన తరువాత దాన్ని నేనే కాపాడుతూ వచ్చాను.

1950, వర్షాకాలం. స్నానం చేస్తుండగా కుడి గజ్జకు దిగువన ఒక గట్టి గడ్డ చేతికి తగిలింది. రేగుపండంత ఉంది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే నన్ను మోసం చేసింది. మా వైపు మగవారికి వరిబీజం రావడం జలుబు చేసినంత మామూలు. దాన్ని అందరూ బుడ్డ అంటారు. ఉన్నవాడు దాని గురించి మాట్లాడడు, చూసినవాడు అడగడు. గోచీ బిగించి కట్టుకొని బతుకు సాగిస్తారు. నేనూ అదే చేశాను. గడ్డ పెరుగుతున్నకొద్దీ గోచీ బిగువు పెంచాను. శాస్త్రం చదివిన సహోపాధ్యాయులు పక్క గదిలోనే ఉన్నా ఒక్కరితోనూ అనలేదు.

రుక్మిణి అడిగేదాకా ఇంట్లోనూ చెప్పలేదు.

"ఎందుకట్ల పక్కకు ఒరిగి కూసుంటున్నరు?" అంది ఒక సాయంత్రం.

"ఏమీ లేదు."

"ఏం లేకపోతే దండెం మీద నేను ఆరేసే గోచీలు ఎవరియి?"

మా అక్క వంటింట్లోంచి విన్నది. "బుడ్డనే గదా, దానికింత సిగ్గేంది? మన చిన్నాయనకు లేకుండెనా? ముసలోడై పండ్లన్ని రాలినంక గని పోలేదు. ఆముదపాకు వెచ్చజేసి కట్టుకో తమ్మీ."

ఆముదపాకు కట్టుకున్నాను. చలికాలం దాకా కట్టుకున్నాను. గడ్డ నిమ్మకాయంత అయింది. ఇలాంటి గడ్డ ఉండి, నొప్పి లేదని ఊరుకున్న వారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలని నా మనవి.

1951 మొదట్లో సర్కారు దవాఖానకు వెళ్ళాను. పురుషుల వైపు పొడవైన వసారాలో బెంచీలు వేసి ఉండేవి. ఎవరు ముందు వచ్చారో, ఎవరు వెనుక వచ్చారో తెలియదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ ఒక్కసారి లేచి తోసుకునేవారు. నేను సహించలేకపోయాను. వచ్చిన వరుసలో కూర్చోండని చెప్పి, ఒక్కొక్కరినీ లేపి చోటు మార్చాను. కొందరు గొణిగారు. ఎర్ర చొక్కా తొడుక్కున్న ఒక మనిషి మాత్రం చేతులు కట్టుకొని నా ముందు నిలబడ్డాడు. నలభై దాటి ఉండవు. నాంపల్లి స్టేషనులో హమాలీ. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. అతడే రాజయ్య.

"ముందుగాల వచ్చినోడు ముందుగాల పోవాల్నా సారూ?" అన్నాడు.

"అది న్యాయం."

"గట్లయితే నన్ను అందరికన్న ఎనుక కూసోబెట్టున్రి. నాకు పోయే తొందర లేదు."

బెంచీల మీద అంతా నవ్వారు. నేను నవ్వలేదు. అతణ్ణి నా వెనుక కూర్చోబెట్టాను.

లోపల డాక్టరు గది తలుపులు మూయించి, గడ్డకు ఒక పక్క టార్చి వెలిగించి పట్టుకున్నారు. లోపల ఉన్నది నీరైతే వెలుగు అవతలి వైపు ఎర్రగా కనబడాలట. నాకు ఏమీ కనబడలేదు. ఆయన టార్చి ఆర్పి మళ్ళీ వెలిగించారు, మరో వైపు నుంచి పట్టుకున్నారు. చీకటిగానే ఉంది. కిటికీ తెరిచిన తరువాత ఆయన నా ముఖం వైపు చూడలేదు. బయట రాజయ్య తన వంతు ముగించుకొని వచ్చి, "మన ఇద్దరిదీ చీకటే సారూ" అన్నాడు.

ఆ జబ్బు పేరు సర్కోమా అని తరువాత తెలిసింది. వృషణానికి దిగే నాళం మీద పుట్టిన మాంసార్బుదం. జనం రాచపుండు అనే క్యాన్సరుకు ఇది అరుదైన దాయాది. శస్త్రచికిత్సలో నా కుడి వృషణాన్ని నాళంతో సహా తీసివేశారు. ఇంతకు మించి శరీరం సంగతి రాయను. పక్క మంచం మీద రాజయ్య ఉన్నాడు. అతనికీ అదే చేశారు. మత్తు దిగిన తరువాత నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఇక ఎవరి ముఖమూ చూడగలననిపించలేదు.

"సారూ, ఇటు తిరుగున్రి" అన్నాడు రాజయ్య. "ఏమైంది? బండికి ఒక ఎద్దు పోయింది, ఒకటున్నది. జర మెల్లగ నడుపుకోవాలె, గంతే."

కుట్లు పట్టి లాగుతున్నా నవ్వాను. ఆ వార్డులో నేను నవ్వింది అప్పుడే. అతని భార్య లచ్చమ్మ మా నాంపల్లి వీధుల్లోనే ఆకుకూరలు అమ్ముకునేది. మధ్యాహ్నం గంప కింద దించి వచ్చి, రెండు మంచాల నడుమ కూర్చొని విసనకర్ర ఇటు ఒకసారి అటు ఒకసారి విసిరేది. రుక్మిణి వద్దన్నా వినేది కాదు. "గాలికి కిరాయి ఇస్తున్ననా అమ్మా" అనేది.

ఇంటికి పంపే ముందు డాక్టరును నేను ఒకే ప్రశ్న అడిగాను. ఈ జబ్బు వచ్చినవారు ఎంతకాలం బతుకుతారు? ఆయన ఉర్దూలో చెప్పిన జవాబును తెలుగులో రాస్తున్నాను. "నాకు తెలియదు, మాస్టర్ సాబ్. ఇలాంటి గడ్డలు నేను కోసినవి చాలా తక్కువ. కోయించుకొని వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ రాలేదు. బాగైనవాళ్ళు ఈ గడప తొక్కరు, పోయినవాళ్ళు తొక్కలేరు. నాకు ఇద్దరూ ఒకటే."

ఆ మాటలోని నిజం నాకు ఆ పూటే కనబడింది. వెళ్ళేటప్పుడు రుక్మిణి నా చెవిలో, "వెళ్ళొస్తనని అనకున్రి. ఎనుకకు తిరిగి చూడకున్రి" అంది. ఎవరి ఇంటి నుంచి కదిలినా వెళ్ళివస్తాననే అంటాము. దవాఖాన నుంచి కదిలేటప్పుడు మాత్రం ఆ మాట అనము. నన్ను కోసి బాగుచేసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, సెలవు మాట సగంలో మింగి, చేతులు జోడించి బయటికి నడిచాను. రాజయ్యా అలాగే నడిచాడు. మా ముందు వెళ్ళినవారంతా అలాగే నడిచి ఉంటారు. అందువల్లనే ఆ డాక్టరుకు ఎవరు బతికారో తెలియదు.

నేను మాత్రం ఆయన చెప్పిన గడువు ప్రకారం చూపించుకోవడానికి వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ ఇంట్లో గొడవే. "మంచిగున్న మనిషి దవాఖానకు పోతడా?" అని మా అక్క గడప దగ్గర అడ్డం నిలబడేది. రాజయ్యను రమ్మంటే అతనూ అదే అన్నాడు. అయినా అతని సంగతి నాకు రోజూ తెలిసేది. స్టేషను ముందు నుంచి బడికి నడిచి వెళ్ళేటప్పుడు, టాంగాల పక్కన నిలబడి అతడు చెయ్యి ఎత్తేవాడు. నేను గొడుగు ఎత్తేవాణ్ణి. డాక్టరుకు నా సంగతి చెప్పిన తరువాత, "రాజయ్య కూడా బాగున్నాడు" అని జోడించేవాణ్ణి. ఆయన ముఖం విప్పారేది. కొత్తగా ఈ జబ్బుతో వచ్చినవారికి ధైర్యం చెప్పడానికి తనకు ఇద్దరు మనుషులు దొరికారని అన్నారు.

1953 ఎండాకాలంలో రాజయ్య స్టేషను దగ్గర కనబడలేదు. వర్షాలు పడిన తరువాత లచ్చమ్మ మా అరుగు ముందు గంప దించినప్పుడు అడిగాను.

"ఊరికి పోయిండు సారూ. ఈడ బరువులు మొయ్యొద్దన్నరు గదా. వాళ్ళన్న పొలం చూసుకుంటుండు."

"ఒళ్ళు ఎట్లున్నది?"

"మంచిగున్నడు. మంచె ఎక్కి పిట్టలను కొడుతుండు. పిట్టలకన్న ఈయన లొల్లే ఎక్కువున్నదట."

ఆ రోజు నాకు అన్నం ఇంపుగా తినబుద్ధయింది. ఆ తరువాత రెండేళ్ళకు పైగా, ఆమె వచ్చినప్పుడల్లా అడిగాను. ఆమె చెప్పినప్పుడల్లా విన్నాను. బావి పూడిక తీస్తున్నాడు. ఎడ్లకు నాడాలు కొట్టించాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. రూపాయంత బొట్టుతో ఆమె అరుగు మీద కూర్చొని కొత్తిమీర కట్టలు విడదీస్తూ ఈ సంగతులు చెప్పేది. నేను వాటిని ఒక్కటీ పోనీయకుండా డాక్టరుకు చేరవేశాను. ఆయన తన రోగులకు చేరవేశారు.

1955 వర్షాకాలంలో నడుములో నొప్పి మొదలయింది. తరువాత కడుపులో బరువు. డాక్టరు నా పొట్ట మీద చెయ్యి వేసి ఒత్తి, ఆ చేతిని అక్కడే ఉంచి, కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశారు. గడ్డ లోపల, వెన్ను పక్కన లేచిందన్నారు. కత్తికి అందే చోట లేదన్నారు. నేను చొక్కా బొత్తాములు పెట్టుకుంటుండగా, నాకు ఊరట కలగాలని కాబోలు, ఒక సంగతి చెప్పారు. చాదర్‌ఘాట్‌లో పని చేసే ఒక దర్జీకి ఇదే జబ్బట. శస్త్రచికిత్సకు ససేమిరా అన్నాడట. "మీ రాజయ్య కథ చెప్పాను. మంచె ఎక్కి పిట్టలను కొడుతున్నాడని చెప్పాను. అప్పుడు ఒప్పుకున్నాడు" అన్నారు. నా గడ్డ తిరిగి లేచిన రోజున కూడా నాకు కొంత సంతోషం కలిగింది. నేను పోయినా లెక్కలో రాజయ్య ఉన్నాడనుకున్నాను.

ఆ చలికాలానికి నేను మంచం దిగడం తగ్గింది. ఎప్పుడూ అరుగు దగ్గరే ఆగిపోయే లచ్చమ్మ, నేను బయటికి రావడం లేదని తెలిసి, ఒక ఉదయం మొదటిసారి లోపలికి వచ్చింది. మంచానికి కొంత దూరంగా కూర్చుంది.

"గిట్లయిపోయిన్రేంది సారూ" అంది.

"నా సంగతి ఉండనీ. రాజయ్య ఎట్లున్నడు?"

"మంచిగున్నడు. జొన్న కోతకొచ్చింది."

"ఒకసారి రమ్మను. రైలెక్కితే ఎంతసేపు. చూడాలని ఉంది."

ఆమె కొంగు సర్దుకుంది. "చెప్త సారూ" అని లేచింది. రుక్మిణి ఆమెను గడప దాకా సాగనంపింది. బొట్టు పెట్టలేదు. నా మంచం నుంచి గడప స్పష్టంగా కనబడుతుంది.

"రుక్మిణీ, లచ్చమ్మకు బొట్టు పెట్టు" అన్నాను.

రుక్మిణి లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. తెచ్చి, మూత తీయకుండా నిలబడింది. లచ్చమ్మ తల వంచుకుంది. నాకు కోపం వచ్చింది. మనిషి మంచాన పడగానే ఇంటి పద్ధతులు తప్పుతాయా అనుకున్నాను. "ఇంట్లోకి వచ్చిన ముత్తైదువను ఈ ఇంట్లో ఎన్నడైనా ఒట్టి నుదుటితో పంపినామా?" అని గొంతు పెంచాను.

వంటింటి తలుపు దగ్గర మా అక్క నిలబడి ఉంది.

"ఊకో తమ్మీ" అంది. "దానికి బొట్టు పెట్టొద్దు. అది పెట్టుకొని వచ్చిందే శానా ఎక్కువ."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. లచ్చమ్మ గడప మీదనే కూర్చొని, కొంగుతో నుదురు తుడుచుకుంది. ఎర్రటి మరక కనుబొమల దాకా సాగింది.

"ఊరికి పోనేలేదు సారూ" అంది. "ఆ ఎండాకాలమే కడుపుల లేచింది. దవాఖానకు పోదామంటే ఇనలే. పోయేటప్పుడు ఒకటే అన్నడు. సారు అడుగుతడు, నేను మంచిగున్ననని చెప్పు, లేకుంటే ఆయన ధైర్యం చెడుతడు అన్నడు."

"వీధి మొగల నల్లాకాడ బొట్టు పెట్టుకొని వస్తుండె, పోయేటప్పుడు గాడనే కడుక్కొని పోతుండె" అంది మా అక్క. "నేను కండ్లార చూసిన. నీ పెండ్లానికీ ఎరుకే."

మడి, మైల, ఏకాదశి, ఏ ఒక్కదానిలోనూ ఎవరినీ క్షమించని మనిషి మా అక్క. తాను బొట్టు తీసివేసినప్పుడు ఆమెకు ఇంకా ఓణీ వేసే వయసు కూడా రాలేదు. ఆమె ఇన్నాళ్ళూ చూసి ఊరుకుంది. రుక్మిణి అన్నీ తెలిసి ఊరుకుంది గానీ, తన చేతులతో ఆ నుదుట కుంకుమ పెట్టడం మాత్రం ఆమెకు సాధ్యం కాలేదు. బొట్టు పెట్టమని నేను పట్టుబట్టకుండా ఉంటే నాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

"రెండేండ్లు ఎందుకు చెప్పలేదు లచ్చమ్మా?"

"చెప్తే ఆయన వస్తడా? మీరు మంచిగుంటిరి. పిట్టలను కొడుతుండని, బాయి తోడుతుండని మీకు చెప్తుంటే, ఆ జరసేపు నాకు గూడ ఆయన యాడనో ఉన్నట్టే ఉంటుండె."

మా అక్క వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఒట్టి నుదుళ్ళతో ఇద్దరు స్త్రీలు మా గడప మీద కూర్చొని ఉండగా, భరిణె పట్టుకొని నిలబడిన నా భార్య నా వైపు చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

1956లో, కొంచెం లేవగలిగిన రోజున, రిక్షా మీద దవాఖానకు వెళ్ళి డాక్టరుకు నిజం చెప్పాను. ఆయన చేతిలోని కలం మూసి బల్ల మీద పెట్టారు. తరువాత, "అయితే ఇక మిగిలింది మీరే" అన్నారు.

"నా పొట్ట మీరే చూశారు కదా" అన్నాను.

బయట బెంచీ మీద ఒక యువకుడు లేచి నాకు చోటిచ్చాడు. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. "మీరేనా సార్ రాజయ్యగారి దోస్తు? ఆయన మంచిగనే ఉన్నరు గదా?" అని అడిగాడు. ఒప్పుకున్నా వాయిదా వేస్తూ వచ్చి ఈ మధ్యనే కోయించుకున్నాడని, అతని కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయని లోపల డాక్టరు చెప్పారు. "నువ్వు మందులు వేళకు వేసుకో" అన్నాను. అంతకంటే ఒక్క మాట అనలేకపోయాను. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. అతడు దాన్ని అవునని తీసుకొని నవ్వాడు.

ఆ దర్జీ వర్షాలు మొదలయ్యే లోపే పోయాడు. ఇప్పుడు ఈ సవరణ వల్ల అతనికి నష్టం లేదు.

నేను ఇది రాస్తుంటే రుక్మిణి అడిగింది. "ఇది చదివితే ఎవరు బతుకుతరు? ఉన్న ధైర్యం గూడ పోతది గదా." ఆమె అడిగింది న్యాయమే. ఎవరూ బతకరు. నొప్పి ఈ మధ్య కొంత తెరిపి ఇచ్చింది గానీ, నేనూ బతకను. ఇందులో ఆశ ఉందని ఎవరినీ నమ్మించే ఉద్దేశం నాకు లేదు. కానీ లేని రాజయ్యను ఉన్నాడని మేమంతా చెప్పుకుంటూ కూర్చుంటే, నిజంగా ఉన్నవాడెవడైనా ఉంటే వాణ్ణి ఎవరూ వెతకరు. అందుకే రాస్తున్నాను.

ఇక చదివేవారికి మనవి. నేను ఉర్దూలో చదువుకొని తెలుగును ఆలస్యంగా పట్టుకున్నవాణ్ణి. ఇందులో భాషాదోషాలు ఉంటే దిద్దండి. అవి చిన్న తప్పులు. పెద్దది ఒకటుంది. ఈ జబ్బు వచ్చి ఏళ్ళు గడిచినా క్షేమంగా ఉన్న మనిషి ఒక్కడూ లేడని నేను నమ్మే స్థితికి వచ్చాను. నాకు తెలిసినంతలో అదే నిజం. ముప్ఫై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను. నేను రాసినది తప్పని తేలాలని ఎన్నడూ కోరుకోలేదు. ఇప్పుడు కోరుకుంటున్నాను. అలాంటివారు మీరైతే, శకునమూ ఆచారమూ కాసేపు పక్కన పెట్టి, మిమ్మల్ని కోసిన డాక్టరు గడప ఎక్కండి. పేరు పిలిచినప్పుడు మా బడిలో పిల్లలు పలికినట్టు 'హాజిర్', ఉన్నాను, అని ఒక్క మాట అనండి, చాలు. లేదా నాంపల్లిలో మా ఇంటికి రండి. అప్పటికి నేను లేకపోతే రుక్మిణికి చెప్పండి, ఆమె డాక్టరుకు చేరవేస్తుంది.

అయితే వచ్చే మనిషి నిజంగా బతికి ఉన్నవాడై ఉండాలి.